నందివర్ధనం చెట్టు మీద నిఘా

"అమ్మా, గుర్తుపెట్టుకో. కృష్ణా జిల్లా నేరగాళ్లకి ఇవాళ్టి నుంచి నిద్ర ఉండదు. ఎందుకంటే నేను నిద్ర లేచాను!"

అన్నవాడు మా అబ్బాయి వెంకటకృష్ణారావు. వాడికి అరవై తొమ్మిది. పామర్రు పక్కన మా ఊళ్లో, కుర్రకారంతా పట్నాలకి పోయాక, అందరికంటే చిన్నవాడు వాడే, అందుకే ఆ దూకుడు. డిటెక్టివ్ అని తనకు తనే పేరు పెట్టుకున్నాడు. నాకు ఎనభై తొమ్మిది. వాడు గడప దాటితే ఆటో గుద్దిందేమోననీ, ఆలస్యమైతే కాలవలో పడ్డాడేమోననీ నాకు దడ.

"ఏమైందిరా?"

"తెరేసమ్మ పిన్ని ఇంట్లో ఘోరం! నందివర్ధనం చెట్టు మీద ఒక్క పువ్వు లేదు. దీని వెనక పెద్ద ముఠా ఉంది."

ఇంతలో పక్కింటి తెరేసమ్మే గోడ మీంచి కేకేసింది. "అవి ఆదివారం చర్చిలో బల్ల మీద పెట్టే పూలు అక్కా! దొంగ దొరికేదాకా ఈ ఊళ్లో ఎవరి గడపా తొక్కను."

నాకేమో కంటి ఆపరేషనై వారం కాలేదు. రెండు గంటలకోసారి నా కంట్లో చుక్కలు వేసేది తెరేసమ్మే. మా వాడు వేస్తే ఒకటి ముక్కులో, రెండు చెవిలో పడతాయి. ఇక నా కన్ను పోయినట్టే.

"భయపడకు, ప్రత్యక్షసాక్షి దొరికాడు" అన్నాడు మావాడు.

సాక్షి జక్కయ్యగారు. ఎదురింటాయన.

"నెరిసిన తల, చేతికర్ర, నల్లద్దాలు. నా కళ్లతో చూశాను" అన్నాడాయన.

మొన్నటి ఉచిత కంటి శిబిరంలో మా ఊళ్లో పద్దెనిమిది మందికి ఒకేరోజు ఆపరేషన్లు చేసి, ఒకే రకం నల్లద్దాలిచ్చారు. మా వాడికి కన్ను బాగానే ఉన్నా హోదా కోసం తనూ ఒక జత అడిగి తెచ్చుకున్నాడు. పంచాయతీ ఆఫీసు ముందు అందర్నీ వరసలో నిలబెట్టాడు. జక్కయ్యగారు పదిహేడు మందిలో ఒక్కొక్కర్నీ చూసి, ప్రతిసారీ "ఇదే మనిషి" అన్నాడు. ఆపరేషనైన పద్దెనిమిదో మనిషి ఆయనే.

"శత్రువు సామాన్యుడు కాదు. రేపటి నుంచి మారువేషంలో నిఘా" అన్నాడు మావాడు.

తెల్లారగానే సంచీ పట్టుకుని వెళ్లేవాడు. చెట్టు మాత్రం ఏ రోజుకారోజు బోడిగానే ఉండేది. వాడు క్షేమంగా తిరిగొస్తే చాలని, రోజూ వాడు తెచ్చిచ్చిన పూలే దేవుడి పటానికి పెట్టి దణ్ణం పెట్టుకునేదాన్ని. నా కంటికి అన్నీ తెల్లగా, మసగ్గా కనబడేవి.

ఆదివారం నిఘా నుంచి నేరుగా చర్చి దగ్గరికొచ్చాడు. మందు సీసా గుప్పిట్లో పట్టుకుని నేనూ వెళ్లాను. తెరేసమ్మ నా వైపు చూడనైనా లేదు.

"రహస్యం బద్దలయ్యే ఘడియ వచ్చింది! దొంగ మన మధ్యే ఉన్నాడు!" అని భూతద్దం కోసం సంచీ బోర్లించాడు మావాడు.

భూతద్దం పడలేదు. కుప్పగా నందివర్ధనాలు పడ్డాయి.

"ఇవెక్కడివిరా?" అన్నాను.

"మారువేషమమ్మా! పొద్దున్నే పక్కవాళ్ల గోడ మీంచి పూలు కోసే ముసలాణ్ణి మన ఊళ్లో ఎవరనుమానిస్తారు? ఎప్పుడూ కోసేవాణ్ణేగా, అలవాటే..." అంటూ తన చేతులకేసి చూసుకున్నాడు. "పిన్నీ, దొంగ దొరికాడు."

వీణ్ణి స్టేషన్లో పెడితే వేళకి అన్నం పెడతారో లేదోనని నాకు బెంగ పట్టుకుంది.

"అయితే నా పూలు నీ దేవుడికి పెట్టావా అక్కా?"

"కనబడక పెట్టానమ్మా."

తెరేసమ్మ పూలు కొంగులోకి ఎత్తుకుంది. నా గుప్పిట్లో సీసా లాక్కుంది. "ముందు తల వెనక్కి వాల్చు. మందు వేళ దాటిపోతోంది." చుక్క సూటిగా కంట్లో పడింది. "ఒరే కృష్ణా, రేపటి నుంచి కోసినవి నా పళ్లెంలో వెయ్యి. మీ అమ్మకి గుప్పెడు నేనిస్తాను."

"అలాగే పిన్నీ. కానీ పట్టుకున్నది నేనేగా?"

"నువ్వేలే నాయనా."

వాడు నోటుబుక్కులో రాసుకున్నాడు. నాకు కంటి దిగులు తీరింది. ఆ నందివర్ధనం చెట్టు మొదట్లో పాములున్నాయేమోనని ఇప్పుడు కొత్త దిగులు.