మూడు ఊళ్లు నవ్విన దయ్యం

భయపెట్టని దయ్యం సినిమాను మించిన ప్రజాసేవ ఈ లోకంలో లేదు!

నవ్వకండి. సీరియస్‌గానే అంటున్నాను. ఊరికే అనడం లేదు, మూడుసార్లు చూసి అంటున్నాను. శుక్రవారం సూర్యాపేటలో, శనివారం మిర్యాలగూడలో, ఆదివారం కోదాడలో. ఒకే చెత్త సినిమాను మూడు ఊళ్లలో చూసిన మనిషి మా ఉమ్మడి జిల్లాలో ఇంకొకరుంటే చెయ్యెత్తండి, శాలువా కప్పిస్తాను.

కథ చెబితే మీకు కోపం వస్తుంది. అయినా చెబుతాను. ఒక అమ్మాయి ఉద్యోగం కోసం ఊరవతల పాత బంగళాకు వెళ్తుంది. గేటు దాటగానే ఫోన్ పనిచేయదు. రాత్రయితే బయటినుంచి తాళం పడుతుంది. తెల్లవారుజామున నాలుగింటికి ఎవరో దబదబా తలుపు కొడతారు. తీస్తే ఎవరూ ఉండరు. రెండు గంటల యాభై నిమిషాలు ఇదే! చివర్లో దయ్యం వచ్చి తన గోడు వెళ్లబోసుకుంటుంది, అది కూడా పాట పాడుతూ.

పోస్టర్ మీద ‘గుండె జబ్బులున్నవారు రావద్దు’ అని పెద్దక్షరాలతో వేశారు. మా వీధిలో రిటైర్డ్ టీచర్ కాశీరాం గారికి బైపాస్ జరిగింది. ఎవరేం వద్దంటే అది చేసే మనిషి కనుక మొదటి ఆటకే వచ్చారు. దయ్యం మొదటిసారి కనబడే సీన్లో ఆయన గురక మొదలైంది. క్లైమాక్స్ దాకా ఆగలేదు. ఏడాదిగా ఏ మాత్రకూ పట్టని నిద్రట! ఇప్పుడు చెప్పండి, ఆ దర్శకుడు సినిమా తీశాడా, వైద్యం చేశాడా?

భయపెట్టే సినిమా అయితే ఏమవుతుంది? పిల్లలు రాత్రి బాత్రూమ్‌కు వెళ్లాలంటే తోడు రమ్మంటారు. పెద్దవాళ్లు వెళ్లాలని ఉన్నా చెప్పలేక తెల్లారేదాకా బిగబట్టుకుంటారు. ఇంటింటా లైట్లు వెలుగుతాయి, కరెంటు బిల్లు పెరుగుతుంది. ఈ అరిష్టాలన్నింటినీ ఒక్క చేతగానితనంతో తప్పించిన మహానుభావుణ్ణి మనం ఫ్లాప్ డైరెక్టర్ అంటున్నాం!

మా ఆవిడ పుష్పలత సంగతి మాత్రం వేరు. తెరమీది మనుషులకు తన మాట వినిపిస్తుందని ఆమె గట్టి నమ్మకం. సీరియల్లో అత్త పాలల్లో ఏదో కలుపుతుంటే టీవీ దగ్గరికి వెళ్లి మరీ కోడలిని హెచ్చరిస్తుంది. సూర్యాపేట హాల్లో కూడా అంతే. తెరమీద అమ్మాయి బంగళా గేటు మీద చెయ్యి వేసిందో లేదో, ఈమె సీట్లోంచి లేచి నిలబడింది.

“అద్దు బిడ్డా! లోపలికి పోకు!”

హాలంతా ఘొల్లున నవ్వింది. నాకు తల తీసేసినట్టయింది. సీట్లో కిందికి జారి, ఆమె ఎవరో నాకు తెలియనట్టు పాప్‌కార్న్ మీద దృష్టి పెట్టాను. తెరమీద అమ్మాయి ఆగలేదు, గేటు తోసుకుని లోపలికి పోయింది. పోకపోతే సినిమా ఎక్కడిది?

ఆట వదిలేసరికి బయట హరీష్ మైకు పట్టుకుని సిద్ధంగా ఉన్నాడు. డిగ్రీ అయిపోయి, ఉద్యోగం దొరక్క, యూట్యూబ్ ఛానల్ పెట్టుకున్న యువకుడు. మా మూడు ఊళ్లలో ఏ సినిమా వచ్చినా అతని మైకు తప్పించుకుని ఇంటికి పోవడం ఎవరి తరమూ కాదు. ఈసారి అందరినీ ఒకటే ప్రశ్న అడిగాడు: ఎక్కడ భయమేసింది?

“లాస్టుకు సెకండ్ పార్ట్ ఉందని ఏసిండ్రు సూడు, గాడ భయమైందన్నా!” అన్నాడొకడు.

“దయ్యం మంచిదే అన్నా, మేకప్ ఆమెనే పట్టింది!” అన్నాడు ఇంకొకడు.

మనవరాలి చెయ్యి పట్టుకుని వస్తున్న ఏసమ్మ అనే పెద్దామె నోటి ముందు మైకు పెట్టాడు.

“నాకెక్కడి భయం కొడుకా! గా దయ్యం పిల్లను సూస్తుంటే పానం కలుక్కుమన్నది. ఎట్ల బక్కగైందో! కండ్లకింద నలుపు, నెత్తికి నూనె లేదు. గా పిల్లకు అయ్యవ్వలు లేరా? ఉంటే గసొంటి కాడ ఇడిసిపెట్టి ఎట్ల పోయిర్రు?”

వీడియోలో ఈ ముక్క తీసేశాడు హరీష్. కామెడీ లేదట.

శనివారం మిర్యాలగూడ. మా తోడల్లుడు సుధాకర్ అందరికీ టికెట్లు బుక్ చేశాడు. అతనిది త్రిపురారం, కాలువ కింద పొలం, మిర్యాలగూడలో వడ్ల వ్యాపారం. చూసిన సినిమా అని చెప్పడానికి నాకు మొహమాటం. ఈసారైనా ఆ పిల్ల తన మాట వింటుందేమోనని మా ఆవిడకు ఆశ. ఇద్దరం వెళ్లాం. గేటు సీన్ వచ్చింది, ఆమె లేచింది, అరిచింది, నేను కిందికి జారాను.

దయ్యం ఫ్లాష్‌బ్యాక్ మొదలైనప్పుడు సుధాకర్ ఫోన్ మోగింది. ఎత్తాడు. సుధాకర్ ఫోన్లో మాట్లాడితే అవతలివాళ్లకు ఫోన్ అక్కర్లేదు.

“ఆఁ, చెప్పు! తేమ ఎంత సూపెట్టింది? అబ్బో, గంతనా? మిల్లుకాడ తీసుకోరు. ఇంకో రెండు దినాలు ఎండవొయ్యి!”

ముందు వరసంతా ఒక్కసారి వెనక్కి తిరిగింది. తిట్లు పడతాయని నేను సిద్ధమయ్యాను.

“అన్నా, సన్నాలకు ఎంత నడుస్తున్నది?” అని అడిగింది ముందు వరస.

హాల్లో సగం మంది వడ్ల మనుషులేనని అప్పుడు అర్థమైంది. ఇక చూడండి! ఒకాయన తన మిల్లు గోస చెప్పాడు. ఇంకొకాయన మొన్నటి చెడగొట్టు వానను తిట్టాడు. పాపం, తెరమీద దయ్యం నోరు తెరిచి ఏడుస్తూనే ఉంది. ఒక్కరు వినలేదు. మంచి సినిమా అయితే రైతుకూ మిల్లుకూ మధ్య ఇంత అరమరికలు లేని చర్చ జరిగేదా? ఏ ప్రభుత్వమైనా ఇలాంటి సదస్సు ఏసీలో పెట్టించిందా?

బయటికి వచ్చాక సుధాకర్ కళ్లు తుడుచుకుంటూ ఇచ్చిన సమీక్ష ఏ పేపర్లోనూ రాలేదు.

“నవ్వి నవ్వి కడుపు నొస్తున్నదన్నా! బయటికెల్లి తాళమేస్తే భయమా? ఫోను లేకపోతే భయమా? పొద్దుగాల నాలుగింటికి తలుపు గొడితే భయమా? గిది దయ్యమా, అలారమా?”

ఎంత సూటిగా చెప్పాడు! మేమంతా మళ్లీ నవ్వాం.

ఇక ఆదివారం. సుధాకర్‌కూ, మా ఆవిడ చెల్లెలు హిమజకూ ఒక్కగానొక్క కూతురైన మనస్విని కోదాడ దగ్గర ఒక కాలేజీ హాస్టల్లో ఇంటర్ చదువుతోంది. నెలకు ఒక ఆదివారం ఔటింగ్. పొద్దున గేటు తెరుస్తారు, సాయంత్రం ఆరింటికి మూస్తారు. పిల్లను చూసొద్దామని నలుగురం కారులో బయల్దేరాం. దారి పొడుగునా సుధాకర్‌కు కాలేజీ ముచ్చటే.

“గీ కాలేజీల డిసిప్లిన్ సూడాలన్నా! గేటు దాటితే ఫోను బందు. రాత్రైతే బయటికెల్లి తాళం. పొద్దుగాల నాలుగింటికి తలుపులు గొట్టి మరీ లేపుతరు. మా కాలంల గివన్నీ ఉంటే నేను గూడ డాక్టర్‌నయ్యెటోణ్ని!”

నేను మెచ్చుకోలుగా తలూపాను. మీరున్నా ఊపేవారే.

మనస్విని బయటికి వచ్చింది. దసరాకు చూసినప్పటికంటే బాగా సన్నబడింది. చదువుకునే పిల్లలు అలాగే ఉంటారని సుధాకర్ అన్నాడు. హిమజ కూతురి జుట్టులోకి వేళ్లు పోనిచ్చింది.

“నెత్తికి నూనె గూడ పెడ్తలేవానే?”

“టైముండదమ్మా.”

కారులోనే కూర్చుని, తల్లి తెచ్చిన గారెలూ కోడికూరా తింది. తిన్నాక సినిమాకు పోదామంది. ఊళ్లో ఒక హాల్లో కొత్త కామెడీ ఆడుతోంది, ఇంకో హాల్లో మన దయ్యం.

“పెద్దనాన్నా, రెండిట్ల ఏది పెద్దగుంటది?”

“దయ్యమే తల్లీ! రెండు గంటల యాభై నిమిషాలు. అది సినిమా కాదు, శిక్ష.”

“అయితె గదే పోదాం.”

ఈ కాలం పిల్లల అభిరుచి గురించి నేను లోలోపల ఒక కాలమ్ రాసేసుకున్నాను. సుధాకర్ “మల్లా గదేనా!” అని తల పట్టుకున్నాడు గాని, కూతురి మాట కాదనలేకపోయాడు.

కోదాడ హాలంటే హాలే! ఇంజినీరింగ్ కుర్రాళ్లతో నిండిపోయింది. “దెయ్యం అక్కా, ఒక్కసారి మా ల్యాబ్‌కి రావా, సార్ కూడా పారిపోతాడు!” అని ఒకడు. “తలుపు త్వరగా తియ్యమ్మా, ఇంటికెళ్లాలి మేము!” అని ఇంకొకడు. గేటు సీన్లో మా ఆవిడ లేవగానే కుర్రాళ్లంతా ఆమెతో గొంతు కలిపి, బల్లలు చరుస్తున్నట్టు సీట్లు చరుస్తూ “పోకు! పోకు!” అని అరిచారు. మూడో రోజు కూడా తెరమీద పిల్ల వినలేదు.

మనస్విని నా పక్కనే కూర్చుంది. భయపడలేదు, నవ్వలేదు. నాలుగింటికి తలుపు కొట్టే సీన్ వచ్చింది. చిత్రమేమిటంటే, తెరమీద తలుపు చప్పుడు కాకముందే ఈ పిల్ల ఉలిక్కిపడి నిటారుగా కూర్చుంది. కథ ముందే పసిగట్టింది, ఎంత చురుకైన పిల్ల అనుకున్నాను.

ఇంటర్వెల్‌లో సమోసా వద్దంది. “ఇంకెంతసేపుంది పెద్దనాన్నా?” అని అడిగింది. ఆ సినిమాకు వచ్చిన ప్రతి మనిషీ ఆ ప్రశ్న అడిగినవాడే. జాలిగా చెప్పాను, ఇంకా గంటన్నర ఉంది తల్లీ, ఓపిక పట్టు అని. ఆ రోజు ఆ పిల్ల మొహంలో నవ్వు చూసింది అప్పుడే.

సినిమా అయిపోయింది. జనమంతా బతుకుజీవుడా అని గుమ్మం వైపు తోసుకుంటుంటే మనస్విని పేర్లన్నీ పడేదాకా సీట్లోంచి లేవలేదు. లైట్‌మెన్ పేర్లు కూడా చదివింది.

బయట మళ్లీ హరీష్. మైకు మనస్విని ముందు పెట్టాడు.

“సిస్టర్, ఎక్కడ భయమేసింది?”

“అయిపోయినప్పుడు.”

చుట్టూ ఉన్న జనం విరగబడి నవ్వారు. హరీష్ బొటనవేలు పైకెత్తాడు. సుధాకర్ నా వీపు మీద ఒక్కటి చరిచాడు.

“నా బిడ్డ పంచు సూసినవా అన్నా!”

నేనూ నవ్వాను. నవ్వనిది ఇద్దరే. ఒకరు మనస్విని, ఇంకొకరు మా ఆవిడ.

ఆరు కావడానికి కొంచెం ముందు హాస్టల్ గేటు దగ్గర దిగాం. అప్పటికే అక్కడ చాలామంది తల్లిదండ్రులున్నారు. చేతుల్లో ఖాళీ టిఫిన్ డబ్బాలు. వాచ్‌మన్ గేటు తీశాడు. కిర్రుమని సాగింది ఆ చప్పుడు. సినిమావాళ్లు దానికోసం ఎంత కష్టపడ్డారో గాని ఇక్కడ తుప్పే ఆ పని చేసిపెట్టింది.

“మంచిగ సదువు బిడ్డా,” అన్నాడు సుధాకర్. హిమజ మొహం పక్కకు తిప్పుకుంది. నేను నా వంతుగా “ఆల్ ది బెస్ట్ తల్లీ” అన్నాను. మనస్విని బ్యాగు భుజానికి తగిలించుకుని గేటు మీద చెయ్యి వేసింది.

“అద్దు బిడ్డా! లోపలికి పోకు!”

అలవాటు చొప్పున నాకు తల తీసేసినట్టయింది. జారిపోవడానికి ఇక్కడ సీటు కూడా లేదు! తల్లిదండ్రులందరూ వెనక్కి తిరిగి మా ఆవిడను చూశారు. ఈసారి ఒక్కరూ నవ్వలేదు.

తెరమీద పిల్ల మూడు రోజులూ ఆగలేదు. మనస్విని ఆగింది.

“ఏందొదినె గిది, గేటుకాడ గీ లొల్లి!” అన్నాడు సుధాకర్ గొంతు తగ్గించి.

“నిన్న నువ్వే గదా అంటివి సుధాకరూ, తాళమేస్తే భయమా, ఫోను లేకపోతే భయమా, నాలుగింటికి తలుపు గొడితే భయమా అని? నన్నెందుకు అడుగుతవ్? నీ బిడ్డనడుగు.”

సుధాకర్ ఫోన్ మోగింది. వడ్ల ఫోనే అయ్యుంటుంది. అతను దాన్ని ఆపేసి జేబులో పెట్టుకోవడం నేను మొదటిసారి చూశాను. కూతురి దగ్గరికి వెళ్లాడు. పొద్దున కారులో తానే గొప్పగా చెప్పిన సంగతిని అప్పుడే కొత్తగా విన్నవాడిలా అడిగాడు.

“రోజు గట్లనే కొడుతరా బిడ్డా, తలుపు?”

“కొట్టకముందే మెలుకువొస్తది నాన్నా.”

ఆ పిల్లే మళ్లీ అంది, నేల చూస్తూ.

“ఇంటికాడుండి గూడ సదువుత నాన్నా. ఒట్టు.”

“లోపలికా, బయటికా, జల్ది చెప్పుండ్రి సార్! ఆరైతున్నది!” అని కేకేశాడు వాచ్‌మన్.

సుధాకర్ చెయ్యి చాపి కూతురి భుజం మీది బ్యాగు తీసుకున్నాడు. కారు వైపు నడిచాడు. మా వెనక ఇంకో పిల్ల కోసం గేటు మళ్లీ కిర్రుమంది. మూడు ఆటలు చూసినా జలదరించని నా ఒళ్లు ఆ చప్పుడుకు జలదరించింది.

గురువారానికల్లా సినిమాను మూడు ఊళ్లలోనూ ఎత్తేశారు. అందుకే ఇంకోసారి చెబుతున్నాను, భయపెట్టని దయ్యం సినిమాను మించిన ప్రజాసేవ లేదు. అది నిజంగా భయపెట్టి ఉంటే మేమంతా కళ్లు తెరకే అప్పగించి, పక్క సీటు వైపు చూసేవాళ్లమే కాదు!

రెండో భాగం తీస్తానని బెదిరించిన దర్శకుడికి ఒక మనవి. దయచేసి తీయండి. ఇంకో గంట సాగదీయండి. ఔటింగ్ ఉన్న ఆదివారమే ఆడేలా చూడండి. మేం కారు తిప్పుకుని వస్తుంటే, ఆ గేటు లోపలికి ఇంకా పిల్లలు పోతూనే ఉన్నారు. అరవడానికి అక్కడ మా ఆవిడ ఒక్కతే ఉంది.