ఏడవని అల్లుడు

కళ్లు మండుతున్నాయని డాక్టర్ కోసం వెతికేవాళ్లు చాలామంది ఉంటారు. పరమేష్‌కు కళ్లు మండిన మాట నిజమే కానీ, అతను డాక్టర్ కోసం వెతికింది మాత్రం పరువు కోసం.

పరమేష్‌కు మేడ్చల్ బస్ డిపో దగ్గర సెల్‌ఫోన్ రిపేరు దుకాణం ఉంది. పొద్దున షటరు ఎత్తింది మొదలు భూతద్దానికి కన్ను ఆనించి, చీమ తలకాయంత స్క్రూలు విప్పుతూ రెప్ప వేయడమే మరిచిపోతాడు. దాంతో కళ్లలో ఇసుక పోసినట్టు ఒకటే గరగర. అలవాటైన బాధ కదా అని చాలాకాలం ఊరుకున్నాడు. ఊరుకోవడానికి వీల్లేకుండా పోయింది, మామ గౌరయ్య పోయాక.

శామీర్‌పేటలో గౌరయ్య చావుకు వాడంతా ఏడ్చింది. పాలు పోసే ఆయన ఏడ్చాడు. టెంటు వేయడానికి వచ్చినవాడు కూడా తాళ్లు కడుతూ కళ్లు తుడుచుకున్నాడు. అల్లుడు పరమేష్ మాత్రం ఐసుపెట్టె తెప్పించి, కుర్చీలు వేయించి, వచ్చినవాళ్లకు చాయ్ చెప్పి, పొడి కళ్లతో అటూ ఇటూ తిరిగాడు. ఈ సంగతిని బావమరిది పెళ్లాం మాధవీలత కనిపెట్టింది. ఎవరి చావుకు ఎవరు ఎంత ఏడ్చారో ఆమెకు కంఠతా వచ్చు. చుట్టాల్లో ఆమె తీర్పుకు అప్పీలు లేదు.

"మామ గంత పావురంగ, కన్నకొడుకు లెక్క జూసుకున్నడు. అల్లుని కంట్ల సుక్క నీళ్లు రాలే. బండరాయి నయం," అంది పదిమందిలో.

ఆ మాట పరమేష్‌కు పెద్దగా తగల్లేదు. తగిలిందల్లా భార్య నాగమణి ఏమీ అనకపోవడమే. కూర మాడినా కరెంటు పోయినా పరమేష్‌నే అనే మనిషి, ఈ ఒక్క విషయంలో నోరు విప్పలేదు. అన్నం పెడుతూ పెడుతూ అతని కళ్లవైపు చూసి, చూపు తిప్పుకునేది. తన తండ్రి అంటే ఈ మనిషికి ఏమీ లేదేమో అన్న అనుమానం ఆ చూపులో ఉండేది. అతనికి భయమంతా ఆ చూపుతోనే.

సంవత్సరీకం దగ్గర పడుతుండగా అతనికి ఒక ఉపాయం తట్టింది. కళ్లలో నీళ్లే లేవని డాక్టర్ స్వయంగా నాగమణి ముందు చెప్పేస్తే?

"నా కండ్లల్ల నీళ్లే లేవు నాగమణీ. లేని నీళ్లు యాడికెళ్లి వస్తయి? డాక్టర్ జెప్తడు, నీ చెవులతోని నువ్వే ఇందువు పా," అన్నాడు.

"నీళ్లు రాకుంటె నల్లా ఆయనకు జెప్పాలె. డాక్టరెందుకు?"

"మజాక్ గాదే. మస్తు మండుతున్నయి."

"మొన్న ఉల్లిగడ్డలు కొయ్యమంటె గూడ గదే అన్నవ్."

అయినా వచ్చింది. ముందు మార్కెట్లో కళ్లద్దాల దుకాణానికి వెళ్లారు. దుకాణం అతను పరమేష్‌ను అక్షరాల బోర్డు ముందు కూర్చోబెట్టి అద్దాలు పెట్టుకోమన్నాడు. కన్నీళ్లు లేవయ్యా అంటే, "అద్దాలు పెట్టుకుంటె ఉన్నయో లేవో ఎవ్వరికీ కనవడది సార్," అన్నాడు. నాగమణి ఇంటిదాకా నవ్వుతూనే ఉంది.

తర్వాత ఇంకొక డాక్టర్. టార్చి వేసి చూసి, "ఫోన్ తగ్గించండి," అన్నాడు.

"సార్, నాది ఫోన్ల దుకాణమే."

"అయితే దుకాణం తగ్గించండి."

పక్కింటి యాదవ్వ ఆముదం చుక్క వేసుకోమంది. వేసుకున్నాడు. ఆ రోజంతా లోకం జిడ్డుగా కనిపించి, ఒకరి ఫోన్ ఇంకొకరికి ఇచ్చి పంపాడు. సాయంత్రానికి, ఫోన్లో ఎవరివో మెసేజీలు చూసి రెండిళ్లలో ఆలుమగల మధ్య రామాయణం మొదలైంది. రెండిళ్లలోనూ ఏడుపులే. పరమేష్ కంట్లో మాత్రం ఆముదమే.

చివరికి బహదూర్‌పల్లిలో ఎండిన కళ్లను ఓపిగ్గా చూసే డాక్టర్ ఒకాయన ఉన్నాడని దుకాణానికి వచ్చినవాళ్లు చెప్పారు. ఆయన పేరు భానుప్రకాశ్. ఆయన తొందరపడలేదు. ఏం పని చేస్తావు, ఫ్యాను ఎటు తిరుగుతుంది, రెప్ప ఎప్పుడెప్పుడు వేస్తావు అని అడిగాడు. తర్వాత రెండు కింది రెప్పల్లో రెండు సన్నటి కాగితం ముక్కలు తగిలించి, అవి ఎంత తడుస్తాయో చూడాలి, కళ్లు మూసుకుని కూర్చోమన్నాడు.

"ఇంటి ముంగట దిష్టికి కట్టిన బొమ్మ లెక్కున్నవ్," అంది నాగమణి ఎదురుగా కూర్చుని.

"నవ్వియ్యకు. నవ్వితె గూడ నీళ్లొస్తయి. కేసు పాడైతది."

కాగితాలు తీసి చూస్తే దాదాపు పొడిగానే ఉన్నాయి. పరమేష్ ఫస్టు ర్యాంకు వచ్చినంత సంబరపడ్డాడు.

"జూసినవా? నేను జెప్పలే?"

డాక్టర్ చుక్కల మందు రాశాడు. వేడి గుడ్డతో కాపడం పెట్టమన్నాడు. పని మధ్యలో గుర్తుపెట్టుకుని రెప్పలు ఆర్పమన్నాడు. తగ్గడానికి కొంతకాలం పడుతుంది, ఓపిక పట్టమన్నాడు.

"సార్, గీయన ఏడ్వలేడా?" అని అడిగింది నాగమణి. ఆ గొంతులో వేళాకోళం లేదు.

పరమేష్ ఆమె వెనక నుంచి డాక్టర్‌కు రెండు చేతులా దండం పెట్టాడు. పాపం డాక్టర్‌కు అర్థం కాలేదు.

"ఎందుకు ఏడవలేడమ్మా? కన్నును ఎప్పుడూ తడిగా ఉంచే నీళ్ల సంగతి వేరు. దుఃఖం వస్తే ఈయనా అందరిలాగే ఏడుస్తాడు."

స్కూటర్ మీద వెనక కూర్చున్న నాగమణి దారి పొడుగునా అతని భుజం పట్టుకోకుండా సీటు వెనక కడ్డీనే పట్టుకుంది. సాక్షిని వెతుక్కుంటూ వెళ్లి పరమేష్ తన మీదే సాక్ష్యం చెప్పించుకున్నాడు.

డాక్టర్ మాట అతన్ని నిజంగానే పట్టుకుంది. నాకు దుఃఖం ఎందుకు రాలేదు? గౌరయ్య వారం తిరగకుండా శామీర్‌పేట నుంచి బస్సెక్కి, తన బటన్ ఫోన్ పట్టుకుని దుకాణానికి వచ్చేవాడు. "అల్లుడా, మల్ల ఖరాబైందిరా." విప్పి చూస్తే ఎప్పుడూ ఒకటే రోగం, సిమ్ కార్డు తిరగబడి ఉండేది. "పార్టు రావాలె మామా, కూసో," అనేవాడు పరమేష్. గౌరయ్య పొద్దుగూకేదాకా స్టూలు మీద కూర్చుని, చాయ్ తాగుతూ, వచ్చేపోయేవాళ్ల ఫోన్లకు వంకలు పెట్టేవాడు. చావింట్లో పనులు చేస్తున్నంతసేపూ ఆ ముసలాయన ఏదో ఒక కుర్చీలో కూర్చుని తనను చూస్తున్నాడనే అనిపించింది. ఉన్న మనిషి కోసం ఎవరైనా ఎలా ఏడుస్తారు?

ఇదంతా నాగమణికి చెప్పి ఉంటే సరిపోయేది. కానీ మన పరమేష్ సూటిగా చెప్పే రకం కాదు. ఇంకో ఉపాయం పన్నాడు. డాక్టర్ రాసిన చుక్కలు కాస్త ఎక్కువ పడితే చెంపల మీదికి కారుతాయి. మాధవీలత చూస్తుంది. నాగమణీ చూస్తుంది. సంవత్సరీకం రోజు పొద్దున్నే సీలు తీయని కొత్త చుక్కల సీసా చొక్కా జేబులో వేసుకుని శామీర్‌పేట బయల్దేరాడు.

గౌరయ్య ఫొటోకు దండ వేశారు. ముందు మటన్ కూర, కల్లు, బీడీ కట్ట పెట్టారు. అత్త దుర్గాబాయి పెట్టెలోంచి బటన్ ఫోన్ తెచ్చి పక్కన పెట్టింది.

"పొయ్యే ముందటి దినం గూడ, ఫోన్ ఖరాబైంది, పొద్దుగాల అల్లుని తానకు పోవాలె అన్నడు. అప్పటిసంది గట్లనే దాసిన," అంది.

ఒక్కొక్కరే దండం పెట్టి లేస్తున్నారు. పరమేష్ వంతు వచ్చింది. మాధవీలత చేతులు కట్టుకుని నిలబడి ఉంది. పరమేష్ తల వంచి, ఎవరూ చూడకుండా జేబులో చెయ్యి పెట్టాడు. సీసా లేదు. ఇంకో జేబులో స్కూటర్ తాళం ఉంది, సీసా లేదు. ఏం చేయాలో తోచక ఫోన్ చేతిలోకి తీసుకున్నాడు. అలవాటు కొద్దీ వేళ్లు మూత లాగి, బ్యాటరీ పక్కన పెట్టాయి.

సిమ్ కార్డు తిరగబడి ఉంది.

పరమేష్ అక్కడే కూలబడ్డాడు. ముందు భుజాలు కదిలాయి. తర్వాత గొంతు వచ్చింది. ఆ తర్వాత ఏడాదిగా రాని నీళ్లన్నీ ఒక్కసారే వచ్చాయి.

"నాకెర్కనే మామా," అన్నాడు ఎక్కిళ్ల మధ్య. "సిమ్ము నువ్వే తిరగేసుకొని వస్తవని నాకెర్కనే. అందుకే నేను గూడ జల్దీ జేసియ్యకపోతుంటి."

దుర్గాబాయి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మాధవీలత మాత్రం అంత తేలిగ్గా కేసు కొట్టేసే మనిషి కాదు.

"సుక్కల మందు ఏసుకున్నట్టుండు తమ్మి. ఇప్పుడే గద జేబుల చెయ్యి పెట్టిండు," అంది.

నాగమణి ముందుకు వచ్చి, కొంగు ముడి విప్పి సీసా చూపించింది.

"సుక్కలు పొద్దటిసంది నా తాన ఉన్నయి వదినా. సీలు గూడ తియ్యలే. గీ మనిషి గిసొంటి పని జేస్తడని నాకెర్క."

ఇంక అప్పీలు లేదు. పరమేష్ సిగ్గుతో తల ఎత్తలేదు.

సాయంత్రం, ఏడ్చి ఏడ్చి కళ్లు మునుపటికంటే ఎక్కువ మండుతుంటే, నాగమణి అతన్ని స్టూలు మీద కూర్చోబెట్టి సీసా సీలు తీసింది.

"నాయిన ఫోన్ల సిమ్ము సక్కగ పెట్టినవా?"

"లేదే. గట్లనే ఉండని."

ఆమె అతని గడ్డం పట్టి ముఖం పైకెత్తింది.

"ఇగ ఏడ్వకు. మందు కొట్టుకపోతది," అంది.

చుక్క వేశాక కూడా ఆమె అతని కళ్లలోకి అలాగే చూస్తూ ఉంది. చూపు తిప్పుకోలేదు.