హిమజ పేరు రాసిన క్యారియర్

ఆ ఆస్పత్రిలో మందు పెట్టి నొప్పులు తెప్పించే ప్రతి గర్భిణికీ మంచి అనుభవాన్ని మూడు గిన్నెల స్టీలు క్యారియర్‌లో పెట్టి ఇస్తారు. పై గిన్నెలో ధైర్యం, మధ్య గిన్నెలో సంతోషం, అడుగు గిన్నెలో తర్వాత గుర్తుండాల్సినవి ఉంటాయి. మూత మీద పేషెంటు పేరు, మంచం నంబరు రాసిన తెల్ల ప్లాస్టరు అంటిస్తారు. కానుపుకి ఒక్కటే క్యారియర్. ఒలికినా, పోయినా యాజమాన్యానికి బాధ్యత లేదని గోడ మీద బోర్డుంది. ఇందులో వింతేమీ లేదు, ప్యాకేజీలో భాగమే. కాకినాడలో ఇంకోచోట కూడా ఇస్తారట గానీ, అక్కడ గిన్నెలు చిన్నవని చెప్పుకుంటారు.

హిమజకి డాక్టరు ఇచ్చిన తేదీ దాటిపోయింది. లోపలి బిడ్డ హాయిగానే ఉంది, బయటికి రావడానికి మాత్రం తొందరపడటం లేదు. బుధవారం వచ్చి చేరమన్నారు. అంతకుముందు ఆస్పత్రి వాళ్ళు శనివారాలు క్లాసులు పెట్టారు. ఊపిరి ఎలా తీసుకోవాలో, నొప్పి లేచినప్పుడు ఏ గిన్నెలోంచి ఎంత తినాలో హిమజ శ్రద్ధగా నేర్చుకుంది. ఆమె భర్త చక్రధర్ ఒక్క క్లాసుకే వెళ్ళాడు. అక్కడిచ్చిన సమోసా బాగుందన్నాడు.

బుధవారం పొద్దున్న గ్రేస్ సిస్టర్ క్యారియర్ తెచ్చి చక్రధర్ చేతికిచ్చింది.

"నొప్పులు మొదలయ్యాక మేడంగారికి కొంచెం కొంచెంగా పెట్టండి సార్. మీరు తినకూడదు."

"అబ్బే, నేనెందుకు తింటానండీ," అన్నాడు చక్రధర్. ఆ మాట అన్నప్పుడు అతను నిజమే చెప్పాడు.

హిమజని అప్పటికే పరీక్షలకని లోపలికి తీసుకెళ్ళారు. ఆమె తల్లి మందుల షాపు దగ్గర నిలబడింది. క్యారియర్ చక్రధర్ ఒళ్ళో వెచ్చగా ఉంది. అతనికి ఆకలి కంటే భయం ఎక్కువగా ఉంది. రక్తపరీక్షకి చెయ్యి చాచాల్సి వస్తేనే గోడకేసి చూసే మనిషి. పక్కనే కూర్చున్న అతని తల్లి సుభద్రమ్మ కొడుకు మొహం చూసి ఆగలేకపోయింది.

"ఏరా, అలా వాడిపోయేవేంట్రా? ఓ చెంచా ధైర్యం నోట్లో వేసుకో. అదంతా తనొక్కత్తీ ఏం తింటుందిలే."

ఒక్క చెంచా అనే అనుకున్నాడు. ధైర్యం గిన్నె అడుగు కనిపించాక, మధ్య గిన్నె రుచి ఎలా ఉంటుందో చూద్దామనిపించింది. సంతోషం పాయసంలా గొంతులోకి జారిపోయింది. ఇక ఆ అడుగు గిన్నె ఒక్కటీ మిగల్చడం బాగుండదనిపించింది. మూత పెడుతుంటే ప్లాస్టరు మీద హిమజ పేరు కనిపించింది. సిగ్గుతో చచ్చిపోవాల్సిందే గానీ, తిన్నది ధైర్యం గనక చావలేదు.

మధ్యాహ్నానికి నొప్పులు లేచాయి. సెలైన్‌లో మందు పెంచుతున్నకొద్దీ ఒకదాని వెనక ఒకటి ఊపిరాడనివ్వకుండా వచ్చాయి. ప్యాకేజీ ప్రకారం భర్తని లోపలికి రానిచ్చారు. హిమజ మంచం కడ్డీ పట్టుకుని అతనికేసి తిరిగింది.

"ఏవండీ, నా క్యారియర్..."

"ఇంకా రాలేదు."

"రాగానే పెట్టండి. ఒక్క చెంచా చాలు."

"అలాగే," అన్నాడు చక్రధర్.

ఖాళీ క్యారియర్ మంచం కిందే ఉంది. అతను దాన్ని కాలితో ఇంకాస్త లోపలికి నెట్టాడు. హిమజ అడిగినప్పుడల్లా వస్తోందని చెప్పాడు. ఆమె తలూపి, క్లాసులో చెప్పినట్టు ఊపిరి తీస్తూ ఎదురుచూసింది. అన్నిటికంటే ఘోరమేమిటంటే, అతనికి చాలా బాగుంది. పెళ్ళాం అరుస్తుంటే అతని ఒళ్ళు గాల్లో తేలిపోతోంది. మొహం మీదికొస్తున్న నవ్వు ఆపుకోలేక చెంప లోపల కొరుక్కున్నాడు.

సాయంత్రం ఆడపిల్ల పుట్టింది. పాప చెవి మడత, కిటికీ మీది ఎండ, చుట్టిన తువ్వాలు అంచు, అన్నీ చక్రధర్‌కి గుర్తున్నాయి. హిమజకి ఆ క్షణాల్లోంచి నొప్పి తప్ప ఇంకేమీ గుర్తులేదు.

గిన్నెలు తీసుకెళ్ళడానికొచ్చిన గ్రేస్ సిస్టర్‌ని చక్రధర్ వరండాలో ఆపాడు.

"ఇంకోటి ఇప్పించలేరా సిస్టర్? డబ్బు కడతాను."

"ఒక కానుపుకి ఒకటే సార్. ముందు మూతి తుడుచుకోండి."

"నేనొక్కణ్ణేనా ఇలా..."

"బయట కూర్చున్నవాళ్ళ మొహాలు చూడండి సార్," అని ఆమె పక్క గదిలోకి వెళ్ళిపోయింది.

చక్రధర్ చూశాడు. భర్తలు, అత్తలు, మామలు అందరూ కళకళలాడిపోతూ స్వీట్లు పంచుతున్నారు. అతనికి కొంచెం ఊరట కలిగింది. ఆ ఊరటకి మళ్ళీ సిగ్గేసింది.

అనుభవం ఎలా ఉందని ఆస్పత్రి నుంచి ఫోనొచ్చింది. వాళ్ళ దగ్గరున్న నంబరు చక్రధర్‌ది గనక చక్రధరే చెప్పాడు. చాలా బాగుందన్నాడు, అది అబద్ధం కాదు. అతని ఫొటో రిసెప్షన్‌లో పెట్టారు. బారసాల రోజు అతను కానుపు సంగతి చెబుతుంటే చుట్టాలు కళ్ళు తుడుచుకున్నారు. హిమజ కూడా పక్కింటావిడ కానుపు గురించి విన్నట్టు శ్రద్ధగా వింది.

"పాప పుట్టగానే నాకేసి చూసిందా అండీ?" అని అడిగింది.

"చూసింది," అన్నాడు. అతని చెవులు కాలిపోయాయి. నిజం చెప్పేద్దామనుకున్నాడు గానీ, తిన్న ధైర్యం ఎప్పుడో అరిగిపోయింది.

రెండో కానుపుకీ తేదీ దాటింది. మళ్ళీ అదే ఆస్పత్రి, అదే ప్యాకేజీ. హిమజ సంచీ సర్దుతూ బట్టల మీద రెండు చెంచాలు పెట్టింది.

"రెండెందుకు?" అన్నాడు చక్రధర్.

"ఈసారి నాక్కూడా కాస్త ఉంచండి," అంది హిమజ. ఆమె గొంతులో కోపమేమీ లేదు. "అప్పుడు మంచం కింద ఖాళీ గిన్నెల చప్పుడు విన్నాను."

చక్రధర్ తలెత్తలేకపోయాడు. తప్పకుండా ఉంచుతానన్నాడు, మనస్ఫూర్తిగానే అన్నాడు. నొప్పుల కంటే క్యారియర్ ముందే వస్తుందన్న సంగతి మాత్రం అతనికి బాగా గుర్తుంది.