అటకెక్కిన స్టవ్వు

మంగళవారం పొద్దున కాఫీ ఆఖరి చుక్క దాకా తాగి, గ్లాసు కింద పెట్టి, ఇకమీదట తాను పచ్చి ఆహారం తప్ప ముట్టనని స్టవ్వుల షాపు సేల్స్‌మ్యాన్ భార్యకు చెప్పాడు. ముందురోజు షాపుకి స్టవ్వు వాపసు ఇవ్వడానికి వచ్చిన ఒక కస్టమరు, పచ్చి కూరలూ పళ్లూ మొలకలూ తిని ఆరు నెలల్లో పొట్ట పోగొట్టుకున్నానని అతని బుర్ర తినేశాడు. స్టవ్వు ఎలాగూ తిరిగొచ్చింది, సేల్స్‌మ్యాన్ మాత్రం ఆ కస్టమరు దారిన పోయాడు.

అక్కడితో ఊరుకుంటే పోయేది. "నిప్పు తగిలితే కూరలో సారమంతా చస్తుంది. ఇరవై రెండేళ్లుగా నువ్వు పెట్టిందంతా ఉత్త పిప్పి," అన్నాడు.

ఎవరికైనా ఒళ్లు మండుతుంది. తెల్లవారకముందే లేచి, చెమటలు కక్కుతూ వండింది పిప్పా? లొట్టలేస్తూ మూడోసారి వడ్డించుకున్నప్పుడు తెలియలేదా? ఆవిడ ఇదేమీ పైకి అనలేదు. గ్యాసు పైపు ఊడదీసి, స్టవ్వు తుడిచి, పాత దుప్పట్లో చుట్టి, స్టూలెక్కి అటక మీద పెట్టింది. "ఒక ఇంట్లో రెండు వంటలు నా వల్ల కాదు. మీకు పచ్చివైతే నాకూ పచ్చివే," అంది. ఆవిడ తన కోసం వండుకున్న దాంట్లోంచి ఓ ముద్ద రుచి చూడొచ్చులే అని లోపల అనుకున్న సేల్స్‌మ్యాన్ అటక వంక చూస్తూ ఉండిపోయాడు.

పచ్చి తిండిలో మంచి లేదని కాదు. నాలుగో రోజుకి అతని బెల్టు ఒక కన్నం లోపలికి జరిగింది. మధ్యాహ్నం షాపులో కునుకు పట్టడం మానేసింది. కాకపోతే క్యారెట్లు నమిలి నమిలి దవడలు పీకాయి. మొలకల పుణ్యమా అని కస్టమర్ల ముందే కడుపు ఉరిమింది. వేడి అన్నం గుర్తొస్తే కళ్లల్లో నీళ్లు తిరిగేవి. అయినా స్టవ్వు దించమని అడగడానికి అభిమానం అడ్డొచ్చింది. ఆవిడా దించుతాననలేదు.

ఇంతవరకైతే ఇది మొగుడూ పెళ్లాల గొడవే. కానీ పై వాటాలో ఒక టీచరమ్మ ఉంది. వాళ్లింట్లో గడియారం ఉన్నా లేనట్టే. కింది కుక్కరు మూడో విజిల్ వేస్తే ఆవిడ భర్త చెప్పులేసుకుని బస్సుకి బయల్దేరతాడు. నాలుగు రోజులుగా విజిల్ లేదు, ఆయనకి బస్సూ లేదు. సంగతేమిటో కనుక్కుందామని టీచరమ్మ దిగివస్తే, ఇల్లాలు కీరదోసకాయ చెక్కు తీస్తూ, "ఈ ఇంట్లో ఇక పొయ్యి వెలగదండీ. ఎందుకో ఆయన్నే అడగండి," అని మొహం తిప్పుకుంది.

అడిగితే కదా. పాపం అతని ఉద్యోగం ఊడిందని టీచరమ్మ తనే తేల్చేసుకుంది. షాపువాళ్లు పంచిన క్యాలెండరు మీద నంబరు చూసి ఓనరుకి ఫోన్ చేసింది. "వాళ్లింట్లో నాలుగు రోజులుగా పొయ్యిలో పిల్లి లేవలేదు. మీకిది న్యాయమేనా?" అని కడిగేసింది.

ఓనరుకి అర్థమైంది వేరు. పదేళ్ల సర్వీసు మెచ్చి తాను స్వయంగా బహుమతిచ్చిన స్టవ్వు వెలగడం లేదన్నమాట. సేల్స్‌మ్యాన్ ఇంట్లోనే వెలగని స్టవ్వు ఇంకెవడు కొంటాడు? పక్కనే ఉన్న మనిషిని ఒక్కమాట అడిగితే ఏం పోయేదో గాని, ఆయనా అడగలేదు. మెకానిక్‌ని వెంటబెట్టుకుని, "పద మీ ఇంటికి," అన్నాడు. తన ఉద్యోగానికి నూకలు చెల్లాయని సేల్స్‌మ్యాన్ దారిలోనే ఖాయం చేసుకున్నాడు.

వంటగదిలో స్టవ్వు ఉండాల్సిన చోట తరిగిన క్యాబేజీ పళ్లెం ఉంది. టీచరమ్మ అప్పటికే క్యారియరు నిండా వేడి అన్నంతో వచ్చి నిలబడింది. ఆ వాసనకి సేల్స్‌మ్యాన్ గుటకలు మింగాడు.

"నేనిచ్చిన స్టవ్వు అమ్ముకున్నావా?" అన్నాడు ఓనరు.

"లేదండీ. మేం పచ్చివి తింటున్నాం," అన్నాడు సేల్స్‌మ్యాన్, నేల చూపులు చూస్తూ.

"స్టవ్వులమ్మి బతుకుతూ పచ్చివి తింటావా? తిన్నింటి వాసాలు లెక్కపెట్టడమంటే ఇదేనయ్యా. రేపట్నించి షాపుకి రావద్దు."

ఇల్లాలు కత్తి కింద పెట్టింది.

"స్టవ్వు నిక్షేపంలా ఉంది. అటక మీద దుప్పటి కప్పుకుని పడుకుంది. పోయినేడు నాకు పది రోజులు జ్వరమొస్తే ఒక్కరూ తొంగిచూడలేదు. జ్వరంతోనే వండాను కాబట్టి ఎవరికీ తెలియను కూడా తెలియలేదు. అది నాలుగు రోజులు పడుకునేసరికి అందరూ పరిగెత్తుకొచ్చారు. ఈయన్ని పన్లోంచి తీస్తే నేనొచ్చి మీ షాపు ముందు నిలబడతాను. పొయ్యి లేకపోతే ప్రాణం ఎంత హాయిగా ఉంటుందో వచ్చేవాళ్లందరికీ చెబుతాను."

టీచరమ్మ క్యారియరు చేతులు మార్చుకుంది. ఓనరు రెండుసార్లు దగ్గి, ఉద్యోగానికేం భయం లేదనీ, ఈ ఇంట్లో స్టవ్వు వెలిగితే తనకంతే చాలనీ గొణిగాడు.

"వెలగనివ్వండి. ఎలా వెలిగించాలో ఊరందరికీ నేర్పేది ఈయనే కదా. రోజూ ఈయనే వెలిగిస్తారు. నాకు పచ్చివే బాగున్నాయి," అంది ఆవిడ.

మెకానిక్ స్టవ్వు దించి బిగించాడు. వేల స్టవ్వులమ్మిన చెయ్యి, కుక్కరులో నీళ్లెన్ని పోయాలో తెలియక గాల్లోనే ఆగిపోయింది.

ఇప్పుడు పొద్దున్నే అతను చెమటలు కక్కుతూ వండుతాడు, ఆవిడ గుమ్మంలో కాళ్లు చాపుకుని యాపిల్ కొరుకుతుంది. ఒకరోజు కూర ఎలా ఉందో చెప్పమని బతిమాలితే, కాస్త నోట్లో వేసుకుని, "ఉత్త పిప్పి," అంది.

పై వాటా ఆయనకి మాత్రం ఇప్పటికీ బస్సు అందడం లేదు, మూడో విజిల్ తొమ్మిదిన్నరకి గాని రావడం లేదు మరి.