నాచు లేని గుడిసె

రాయి వయసును భూమి నిర్ణయిస్తుందని కొందరు శాస్త్రజ్ఞులు పొరబడుతుంటారు. ఆ బాధ్యతను ‘రాతి కట్టడాల ప్రాచీనత నిర్ధారణ ఉపసంఘం’ ఎప్పుడో స్వీకరించింది.

దమ్మపేట దాటి అడవి మొదలయ్యే చోట పగిడయ్యకు ఒక చెలక ఉంది. (ఉంది అనడం తొందరపాటు. పట్టా వస్తేనే ఉన్నట్టు.) 2008లో పోడు భూములకు పట్టాలిస్తామన్నారు. 2005 డిసెంబరుకు ముందు నుంచే సాగు చేస్తున్నట్టు రుజువు కావాలన్నారు. పగిడయ్య దగ్గర కాగితం లేదు, గుడిసె ఉంది. చెలకలో ఏరిన రాళ్లను మట్టీ సున్నం లేకుండా ఒకదాని మీద ఒకటి పేర్చి, పైన తాటాకు కప్పి, అడవి పందుల కావలి కోసం వాళ్ల తాత కట్టాడు. సరే, ఆ గుడిసెనే రుజువుగా చూస్తామన్నారు. పగిడయ్య ఇంట్లో పండగలా ఉంది.

ఉపసంఘం పరిశీలకుడు సారంగపాణి భూతద్దంతో సహా వచ్చాడు. నియమావళి ప్రకారం, రాయి మీద నాచు ఉంటే కట్టడం పాతది, లేకుంటే కొత్తది. (మనుషులకు ఈ నియమం ఇంకా వర్తింపజేయలేదు.) ఆయన గుడిసె చుట్టూ తిరిగి, మొహం చిట్లించాడు.

“ఏందయ్యా పగిడయ్యా, ఇది నిన్న కట్టినట్టున్నది?”

“లేదు సారూ, మా తాత కట్టిండు. మీరొస్తున్నరని రాళ్లన్నీ ఇప్పి, వాగుల కడిగి, మల్ల పేర్చినం.”

“ఎవరు ఇప్పమన్నరు?”

పగిడయ్య భార్య జంపక్కకు ఒళ్లు మండింది. “పెద్దమనిషి వస్తుంటే ఊడ్చి అలకమా సారూ? మట్టి గోడైతే అలుకుతం. రాళ్ల గోడను ఎట్ల అలకాలె? ఇప్పి కడుగుడే. మా అత్త గిట్లనే చేసేది.”

పాపం, మర్యాదే వాళ్ల కొంప ముంచింది. సారంగపాణి మాత్రం ఆ మర్యాదను మనస్ఫూర్తిగా స్వీకరించాడు. కడిగిన రాయి మీద కూర్చుని నాటుకోడి కూర తిన్నాడు. చెయ్యి కడుక్కుని, ‘ఇటీవలి కట్టడం’ అని రాశాడు.

“మరి మా చెలక, సారూ?” పగిడయ్య అడిగాడు.

“నాచు రానియ్యి. వచ్చినంక మల్ల దరఖాస్తు పెట్టుకో.”

అప్పటి నుంచి పగిడయ్య రోజూ పొద్దున్నే వాగు నుంచి బిందెలతో నీళ్లు మోసుకొచ్చి గోడకు పోస్తున్నాడు. పక్కనే మిరప మొక్కలు వాడిపోతున్నాయి. వాటికి పోద్దామంటే, పట్టా లేని నేలకు నీళ్లు పెట్టడం నేరమట.