పై గుండీ

ఉదయం ఎనిమిది బస్సుకు హిందూపురం నుంచి ధర్మవరం పోయి, కూతురు అమూల్య పెళ్లికి తాంబూలాలు మార్చుకొని, పొద్దు గూకేలోగా తిరిగి రావాలని బెల్లం వ్యాపారి కృష్ణమోహన్ అనుకున్నాడు. కాబోయే వియ్యంకుడి ముందు మర్యాదగా కనబడాలని కొత్త చొక్కాకు పై గుండీ దాకా పెట్టుకున్నాడు. టైలరుకు ఇచ్చిన కొలతలు పదేళ్ల నాటివి. పొట్ట పెరుగుతుందేమో గానీ మెడ పెరగదని ఆయన నమ్మకం.

సోమందేపల్లి దాటగానే ఊపిరి ఆడలేదు. పక్కనున్న భార్యను అడగకుండా ఫోనును అడిగాడు. అది మొహమాటం లేనిది. గుండెజబ్బుతో మొదలుపెట్టి, నోరు తిరగని జబ్బులు పదకొండు చెప్పింది. పదకొండూ ఆయనకు ఉన్నాయి.

"అమృతా, నేను పోతాండా."

"యాడికి? టిక్కెట్టు ధర్మవరం దాకా ఉండాది కదా."

"పైకి!"

"ముందు ఆ పై గుండీ తియ్యయ్యా."

"మనిషి సస్తాంటే గుండీ అంటావేమే? ఫోన్లో ఇంత రాసుంటే!"

ఇక వాదించి లాభం లేదని అమృతవల్లి ఆయన్ను పెనుకొండలో దించి ఆస్పత్రికి నడిపించింది. బయలుదేరే ముందే బస్టాండు రొదలో కాబోయే వియ్యంకుడు రాఘవేంద్రకు ఫోను చేసింది.

"ఏం లేదన్నా, పెనుకొండ ఆస్పత్రికి పోతాండాం. ఈయనకు గుండీ బిగుతయ్యిండాది. తీసేస్తే సరిపోతాది. గంటలో వస్తాం."

రాఘవేంద్రకు గుండె అని వినబడింది. మొగుడి గుండె తీసేసి గంటలో తాంబూలాలకు వస్తానన్న ఆడమనిషిని ఆయన అంతవరకు చూడలేదు. ఆయనకూ ఫోనుంది. తండ్రి గుండెజబ్బు బిడ్డకు వస్తుందా అని అడిగాడు. రావచ్చంది. కారెక్కి పెనుకొండ ఆస్పత్రికి వచ్చిపడ్డాడు.

"ఇంట్లో ఇంత రోగం పెట్టుకోని దాచిపెడ్తారా అప్పా? ఈ సంబంధం మాకొద్దు!"

బెంచీ మీద పడుకొని ప్రాణం ఎప్పుడు పోతుందా అని ఎదురుచూస్తున్న కృష్ణమోహన్ దిగ్గున లేచాడు. కూతురి పెళ్లి పోతోందనగానే పదకొండు జబ్బులూ ఎటుపోయాయో తెలియదు. ఇంతలో డాక్టరమ్మ వచ్చి, మెడ చూసి, రెండు వేళ్లతో గుండీ విప్పింది. ఆయనకు కొలిమితిత్తిలాగా ఊపిరి వచ్చింది.

"గుండె కాదు, గుండీ," అని ఆమె రాఘవేంద్ర వైపు తిరిగింది. "నీకేంటికప్పా ఇంత చెమట? రా, చూస్తా."

పట్టీ కట్టి చూస్తే రాఘవేంద్రకు బీపీ నూట తొంభై.

కృష్ణమోహన్ తీరిగ్గా ఫోను తీశాడు. "నాయనకు బీపీ ఉంటే కొడుక్కు వస్తాదేమో, చూడల్ల."

"ఒద్దు బావా!" రాఘవేంద్ర ఆ చెయ్యి పట్టుకున్నాడు. "తాంబూలం తట్ట యాడుండాది? ఈడనే మార్చుకుందాం."

ఓపీ చీటీల మధ్య తాంబూలాలు మారాయి. ఇంటికి రాగానే అమృతవల్లి కత్తెర తీసుకొని ఆ గుండీ కోసి పారేసింది. ఆపరేషన్ బాగా జరిగిందనే ధర్మవరంలో ఇప్పటికీ చెప్పుకుంటున్నారు.