కుర్చీ మర్యాద

ఆ ఉదయం కుర్చీల కార్ఖానా యజమాని అనుకున్న పని ఒక్కటే. బడికి పంపాల్సిన కుర్చీలకు ఆఖరి పూత వేయించి నీడన ఆరబెట్టించాలి. తలుపులు బార్లా తీశాడో లేదో, బావమరిది ఊడిపడ్డాడు. కార్మిక చట్టాల మీద ఏదో శిక్షణకు వెళ్లొచ్చినప్పటి నుంచి అతని నడకే మారిపోయింది.

"బావా, ఇవాళ లేబర్ ఆఫీసరమ్మ వస్తోంది. పక్క వీధి ఇనప షాపుకి నిన్న తాళం పడింది."

"పాపం, వాళ్లేం చేశారు?"

"ఏమీ చెయ్యలేదు. అదే తప్పు."

పనివాళ్లకు తాగే నీళ్లుండాలి, చేతులకు తొడుగులుండాలి, వారానికో సెలవుండాలి అంటూ బావమరిది ఏకరువు పెట్టాడు. యజమాని నోరు తెరుచుకుని విన్నాడు. పదిమందికి పని చూపించడానికి మంచి రంపం, మంచి మనసు చాలనుకుంటూ ఇన్నేళ్లు గడిపేశాడు. దీని వెనకాల ఇంత సముద్రముందని తెలియదు.

"గాలికి కూడా చట్టముందా?"

"గాలికీ, వెలుతురికీ, కూర్చోడానికీ కూడా. నిలబడి పనిచేసేవాళ్లకి కుర్చీ చూపించకపోతే మొదటి దెబ్బ అక్కడే."

యజమానికి ప్రాణం లేచొచ్చింది. "కుర్చీల కార్ఖానాలో కుర్చీలకు కరువా?"

కరువు లేదు గానీ, అక్కడ కొత్త కుర్చీలో ఎవరూ కూర్చోరు. అలసిపోతే దుంగ మీదో, చెక్కపొట్టు బస్తా మీదో కూలబడతారు. కొత్త కుర్చీలో కూర్చునేది జీవితంలో ఒక్కసారే. యజమాని తండ్రి పెట్టిన ఆనవాయితీ అది. ఒంట్లో సత్తువ ఉడిగిన పనివాడిని మంచి కుర్చీలో కూర్చోబెట్టి, తన చేత్తో మంచినీళ్లు ఇచ్చేవాడు. రేపట్నుంచి రావద్దన్న మాట నోట రానిచ్చేవాడు కాదు. ఆ మనిషి నీళ్లు తాగి, కుర్చీ నెత్తిన పెట్టుకుని ఇంటికి వెళ్లిపోయేవాడు. ఈ యజమానీ ఒకరిద్దరిని అలాగే సాగనంపాడు. కానీ ఆ ఉదయం మనసంతా ఇనప షాపు తాళం మీదుంది. ఆనవాయితీ గుర్తుకు రాలేదు.

ముందుగా పాలిష్ తాత దగ్గరికి వెళ్లాడు. తాత గుడ్డ పెట్టి రుద్దితే చచ్చిన చెక్క కళ్లు తెరుస్తుంది. చిన్నప్పటి నుంచి చూస్తున్నా యజమానికి ఆ వింత పాతబడలేదు.

"తాతా, ఇలా వచ్చి కూర్చో."

తాత కుర్చీ వంక చూశాడు. "నేనా బాబూ?"

"పెద్దవాడివి, నువ్వు కాక ముందెవరు?"

"నీళ్లు కూడా ఇయ్యి బావా," అని గుర్తుచేశాడు బావమరిది.

తాత నీళ్లు రెండు చేతులా అందుకున్నాడు. యజమాని రంపం మేస్త్రి వైపు తిరిగాడు.

"నాకింకా చేవ ఉందన్నా," అన్నాడు మేస్త్రి.

"చేవదేముందిరా, చట్టముంది. కూర్చో."

కుర్చీలకు నవారు అల్లే అక్క చేతిలో పని జారవిడిచింది. "అందర్నీనా అన్నా?"

"అందర్నీ. ఒక్కర్ని కూడా వదల్ను."

ఇచ్చిన నీళ్లు ఎవరూ తాగలేదు. మర్యాదకు మాటలు పడిపోయాయి కాబోలనుకుని, యజమాని తొడుగులు వెతకడానికి వెనక గదిలోకి వెళ్లాడు. తిరిగొచ్చేసరికి కార్ఖానాలో మనిషన్నవాడు లేడు. కుర్చీలు మాత్రం వరసగా, ఖాళీగా ఉన్నాయి. వెతుక్కొస్తానని వెళ్లిన బావమరిదీ అటే పోయాడు.

మనుషులు పోయినా బడి పని ఆగదు కదా. యజమాని చొక్కా విప్పి, తాత పాలిష్ గుడ్డ అందుకుని, దగ్గరున్న బడి కుర్చీ చెక్క సీటుకు పూత మొదలుపెట్టాడు. అది ముగించి రెండోది పట్టుకునేసరికి గుమ్మంలో ఆఫీసరమ్మ నిలబడి ఉంది.

"ఒక్కరే చేస్తున్నారా? తొడుగులేవి?"

"ఇప్పుడే దొరికాయండీ."

"ఇన్ని కుర్చీలుండగా నిలబడే చేస్తారా?"

"కూర్చునే అలవాటు లేదమ్మా."

"సెలవెప్పుడు తీసుకున్నారు?"

యజమాని ఎంత ఆలోచించినా గుర్తుకు రాలేదు. ఆవిడ మొహం ఎర్రబడింది. "అన్నం తిన్నారా?"

తండ్రి పోయాక ఈ కప్పు కింద ఆ మాట అడిగినవాళ్లు లేరు. చట్టానికి ఆకలి సంగతి కూడా తెలుసా అనుకున్నాడు.

"మీ యజమానికి మనసన్నది ఉందా? పిలవండి, నేను మాట్లాడతాను."

"నేను చెబితే వినడమ్మా," అన్నాడు నిజాయితీగా.

అప్పుడే భార్య సుడిగాలిలా వచ్చింది. వెనక పనివాళ్లందరూ ఉన్నారు. "ఏవండీ, కార్ఖానా ఎత్తేస్తున్నారట? పెళ్లాన్ని, నాతో ఒక్క ముక్క అనాలనిపించలేదా?"

ఆఫీసరమ్మ యజమాని వంక ఎగాదిగా చూసింది. తర్వాత పనివాళ్లను అడిగింది. "మీకేం అన్యాయం జరిగింది?"

"మమ్మల్ని కుర్చీల్లో కూర్చోబెట్టారమ్మా," అన్నాడు తాత. "నీళ్లు కూడా ఇచ్చారు."

"కుర్చీలు పట్టుకెళ్తే ఒప్పుకున్నట్టేనని వదిలేసి పోయాం," అంది అల్లిక అక్క.

కుర్చీ లేదని ఏడ్చినవాళ్లను ఆఫీసరమ్మ చాలామందిని చూసింది గానీ, ఇలాంటి ఫిర్యాదు ఆవిడ ఉద్యోగంలోనే రాలేదు. సంగతి విడమరిచి చెప్పించుకుంది.

"తాళం వెయ్యను. తొడుగులు పెట్టండి, వారానికో సెలవివ్వండి, ఈ కుర్చీల్లో రోజూ కూర్చోండి. మళ్లీ వచ్చి చూస్తాను. ముందు మీరు కూర్చోండి," అంటూ దగ్గరున్న కుర్చీ లాగి యజమాని వెనక వేసింది.

తాళం తప్పిందన్న మాటకే అతను అందులో కూలబడ్డాడు. భార్య గబగబా మంచినీళ్లు అందించింది. గడగడా తాగేశాడు.

పాలిష్ తాత కళ్లు తుడుచుకుని, భార్య వైపు తిరిగి చేతులు కట్టుకున్నాడు.

"అమ్మా, రేపట్నుంచి మాకు పని చెప్పేది మీరేనా?"

కాదని చెప్పడానికి యజమాని లేవబోయాడు గానీ, ఆ కుర్చీకి తను వేసిన పూత ఇంకా ఆరలేదు.